ముప్పై గాట్లు

వడ్రంగి మేస్త్రి బియ్యం డబ్బా మూత తీసి కొలపుల్ల దించాడు. అడుగు తగిలేదాకా నిటారుగా దించాడు. బొటనవేలి గోరు బియ్యం మట్టానికి ఆనించి పట్టుకుని, పుల్ల పైకి లాగి, కిటికీ వెలుతురులోకి తెచ్చి చూశాడు.

తారీఖు ఇరవై రెండు. ఇవాళ్టితో కలిపి నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులు. తొమ్మిది గాట్లు ఉండాలి. నాలుగే ఉన్నాయి.

పుల్ల అతని చేతిదే. టేకు ముక్కని చిత్రిక పట్టి, డబ్బా లోతుని ముప్పై భాగాలు చేసి, ఉలితో ముప్పై గాట్లు కొట్టాడు. రోజుకో గాటు. కొడుకు పంపే జీతంలోంచి సరుకులకని తీసి ఇచ్చే డబ్బు కూడా గాటు కొట్టినట్టే ఉండేది. ఎన్నేళ్ళయినా అక్కడినుంచి కదలలేదు. భార్య ఉన్నన్నాళ్ళూ పుల్ల ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు. ఆమె పోయి నాలుగు నెలలు. నాలుగు నెలలుగా ఒక్కసారి కూడా ఒప్పు చూపించలేదు.

"తాతా, డబ్బాకి జ్వరం ఎంతుంది?" అంది మనవరాలు, బడి సంచీ వీపుకి తగిలించుకుంటూ.

"నోరు మూసుకుని బడికి నడు."

"ఎక్కువే ఉన్నట్టుందమ్మా," అని పిల్ల తల్లి చెవిలో చెప్పింది. ఆ గుసగుస పక్కింటి దాకా వినపడింది.

కోడలు నవ్వలేదు. పిల్ల జడ కొస బిగించి, వీధిలోకి పంపి వచ్చింది.

"అమ్మాయ్."

"ఏం మామయ్యా?"

"నాలుగు."

కోడలు డబ్బా వైపు చూడలేదు, పుల్ల వైపూ చూడలేదు. "పిల్ల ఎదుగుతోంది మామయ్యా. రెండోసారి పెట్టమని అడుగుతోంది."

"పిల్ల రెండోసారి తింటే ఐదు గాట్లు పోతాయా? ఆడపిల్లని కన్నావా, ఏనుగు పిల్లని కన్నావా?"

"ధరలు కూడా..."

"ధరలు నీ ఒక్కదానికే పెరిగాయా? మీ అత్తయ్యది అదే కొట్టు. అదే డబ్బు. ఆఖరి రోజున కూడా అడుగున ఇంత మిగిలేది. నీకు ఒకటో తారీఖునే రెండు గాట్లు తక్కువ. దారిలో ఎవరింట్లో దించి వస్తున్నావు?"

కోడలు నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని, మసిగుడ్డ తీసి, తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది.

మధ్యాహ్నం అన్నంలో రాయి తగిలింది. పటుక్కుమన్న చప్పుడు కోడలికి కూడా వినపడింది. అరచేతిలోకి ఉమ్మి, ఆ రాయిని కంచం అంచు మీద పెట్టాడు, అందరికీ కనపడేట్టు. అందరూ అంటే కోడలొక్కతే.

"చూసుకోలేదు మామయ్యా."

"రోజంతా ఇంట్లో కూచునేదానివి. గుప్పెడు పప్పు ఏరడానికి కళ్ళు రావా?"

ఆమె వేరే కంచంలో వడ్డించబోయింది. అతను లేచిపోయాడు.

మధ్యాహ్నాలు అతను కలప డిపోకి పోయి కూర్చుంటాడు. పని మానేసి మూడేళ్ళయినా ఆ బెంచీ మానలేదు. ఆ రోజు కళ్ళజోడు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాడు. సందు మలుపులో కోడలు కనపడింది. పాత చీర ముక్కలో ఏదో చుట్టి చంకలో పెట్టుకుని, వంచిన తల ఎత్తకుండా పోతోంది. మూట వెడల్పుగా, పలచగా ఉంది. అడుగున ఏముందో, పైన ఏం కప్పిందో.

ఇంట్లోకి వచ్చి వంటగదంతా చూశాడు. గోడన మేకుకి ఉండాల్సిన చేట లేదు. భార్య చేట. దాని అంచు చీలిపోతే రేకు పట్టీ వేసి, చిన్న మేకులు దిగ్గొట్టి ఇచ్చింది తనే. మూడుసార్లు ఇచ్చాడు. "చేటా ఇది, చెప్పులా? ఇంతలా అరగడానికి దీన్ని కాళ్ళకి తొడుక్కుంటున్నావా?" అని మూడోసారి అన్నాడు. ఆమె నవ్వి చేట తీసుకుంది.

కోడలి తల్లి ఇల్లు బస్సెక్కితే మూడో స్టాపు. ఇక ఆలోచించడానికేం ఉంది. ఫోను తీసి కొడుక్కి చేశాడు. కొడుకు ఎక్కడో దూరాన వంతెన కడుతున్న చోట క్రేను నడుపుతాడు. నెలకోసారి, ఒకటో తారీఖున వస్తాడు.

"ఒకటిన వచ్చినప్పుడు ఒక సంగతి తేల్చాలిరా."

"ఇప్పుడే చెప్పు నాన్నా. పైకెక్కితే రెండు గంటలు దిగను."

"నీ పెళ్ళాం ఇంట్లో సరుకులు వాళ్ళమ్మకి మోస్తోంది. బియ్యం, పప్పు. ఆఖరికి మీ అమ్మ చేట కూడా."

అవతల ఇనుము మోగుతోంది. కొడుకు అడిగాడు:

"నువ్వు చూశావా?"

"కొలిచాను," అన్నాడు మేస్త్రి.

మర్నాడు డిపోలో బెంచీ మీద మాట సరుకుల మీదికే పోయింది. రంపం మిల్లు నడిపేవాడు నూనె ధర చెప్పి తల పట్టుకున్నాడు.

"మన మేస్త్రిని అడగవయ్యా," అన్నాడు పాలిష్ పనివాడు. "ఆయన డబ్బు పెంచడు, ఆయన డబ్బా తగ్గదు. ఆ ఇంట్లో చీమలు ఎప్పుడో వలసపోయి ఉంటాయి."

"ముప్పై గాట్లు సరే, ముప్పై ఒకటో తారీఖున ఏం తింటారు మేస్త్రీ?"

"ముప్పై రోజులూ మిగిల్చింది తింటాం," అన్నాడు. "చేతిలో అదుపుండాలి. అదుపు లేని ఇంటికి గోదాము రాసిచ్చినా చాలదు."

వాళ్ళు తలలూపారు. ఈ మాట ఆ బెంచీ మీద ఏళ్ళుగా అంటూనే ఉన్నాడు, వాళ్ళు ఏళ్ళుగా తలలూపుతూనే ఉన్నారు. టేకు ఏ డిపోలో ఎంతో, మేకులు కిలో ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. బియ్యం కిలో ఎంతో అతనికి తెలీదు. కొట్టుకి వెళ్ళి సరుకులు తేవడం ఆడవాళ్ళ పని.

ఆ రోజు పొద్దున అతను ఒక పన్నాగం పన్ని వచ్చాడు. వంటకి కోడలు బియ్యం తీసుకున్నాక, డబ్బాలో మట్టాన్ని సన్నటి బద్దతో చదును చేశాడు. చదును మీద వేలితో అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీశాడు. పుల్ల దించి చూసుకున్నాడు. మూడు గాట్లు, మూడో వంతు. సాయంత్రానికి గీతలు చెరిగి, మట్టం తగ్గి ఉంటే దొంగ దొరికినట్టే.

సాయంత్రం కోడలు పిల్లని తీసుకురావడానికి బడికి వెళ్ళినప్పుడు మూత తీశాడు. గీతలు చెరిగిపోయాయి. పుల్ల దించాడు. నాలుగు గాట్లు దాటింది.

మళ్ళీ దించాడు. పుల్ల తిరగేసి చూశాడు, కళ్ళజోడు తుడిచి చూశాడు. డబ్బా కింద ఏమైనా పెట్టిందేమోనని వంగి అడుగు కూడా చూశాడు. నలభై ఏళ్ళు కొలిచిన చెయ్యి. అది తప్పడానికి వీల్లేదు. డబ్బాలో బియ్యం పెరిగింది.

తర్వాత అతని మొహం విచ్చుకుంది. భయపడిందన్నమాట. పుల్ల చూసి, నిన్నటి మాట విని, మోసింది కొంచెం కొంచెంగా తిరిగి పోస్తోంది.

రాత్రి అన్నం తింటున్నంతసేపూ కోడలి వంక అదోలా చూశాడు. ఆమె తల దించుకుని పిల్లకి ముద్దలు పెడుతోంది. కుడిచేతి చూపుడువేలు గోరు పక్కన చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. దొంగతనానికి అలాంటి గాయం ఎందుకవుతుందో అతను ఆలోచించలేదు.

మూడో రోజు డిపోకని బయల్దేరి, సందు చివర ఇస్త్రీ బండి చాటున నిలబడ్డాడు. కోడలు మూట చంకలో పెట్టుకుని వచ్చింది. బస్సు స్టాపు వైపు తిరగలేదు. కిరాణా కొట్టు వైపు నడిచింది. అమ్మేస్తోందా? అతనికి కలిగింది దిగులు కాదు. పట్టుకోబోతున్నాననే సంబరం.

ఆమె కొట్టు ముందు ఆగలేదు. పక్క సందులోంచి వెనక్కి పోయి, గోదాము తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ తలుపు మేస్త్రి బిగించిందే. షావుకారు తొందర పెడితే పచ్చి చెక్కతో చేసి ఇచ్చాడు. చెక్క ఎండి, పలకల మధ్య వేలెడు సందు వచ్చింది. ఆ సందుకి కన్ను ఆనించాడు.

లోపల ఐదుగురు ఆడవాళ్ళు గోడవారగా బస్తాలు ముందేసుకుని కూర్చున్నారు. చేటలు ఒకటే పాటగా కదులుతున్నాయి. దోసెడు పప్పు పోయడం, రెండు ఎగరేతలు, ఒక తట్టు. రాళ్ళు అంచు వైపు జరుగుతాయి. ఎడమచెయ్యి చేటని తొడ మీద వాల్చి పట్టుకుంటుంది, కుడిచేతి చూపుడువేలు పప్పుని తోసుకుంటూ పోతుంది. వేలికి తగిలిన రాయి గోరుతో పక్కకి వస్తుంది. మళ్ళీ దోసెడు.

కోడలు కిటికీ కింద కూర్చుని మూట విప్పింది. లోపల ఉన్నది చేట. రేకు పట్టీ, మూడు వరసల మేకులు.

"ఆలస్యమైందే అమ్మాయ్," అంది ఎదురుగా కూర్చున్న పెద్దావిడ. దారంతో కట్టిన కళ్ళజోడు. అందరూ ఆమెని పిన్నీ అంటున్నారు. "నిన్న బస్తా ముగించి కిలో బియ్యం తీసుకున్నావు, ఇవాళ మహారాణిలా వచ్చావు."

"కిలో వెళ్ళి డబ్బాలో పడింది పిన్నీ. కనపడనైనా లేదు."

"మీ అత్తయ్య అయితే ఈ పాటికి నాలుగు చేటలు దించేది."

"అత్తయ్యవి పదకొండేళ్ళు. నావి మూడు నెలలు."

"పదకొండేళ్ళూ అక్కడే కూచుంది మహాతల్లి. ఆ గోడకి నూనె మరక చూడు, ఆమె తల ఆనించిన చోటే." పిన్ని చేట తట్టింది. "మీ మామగారికి ఇంకా తెలీదా?"

"తెలీదు."

"చెప్పరాదుటే? ఇచ్చే డబ్బుకి ఇంత వస్తోంది, మిగతాది మేం ఏరుకొచ్చి పోస్తున్నాం అని?"

"అత్తయ్య మాట తీసుకుంది పిన్నీ. ఆయన పరువంతా ఆ పుల్ల మీద నిలబడి ఉంది, లాగెయ్యకు అంది."

"పుల్ల మీద నిలబడ్డ పరువా!" అంది మరొకావిడ. "ఒళ్ళు జాగ్రత్త, తుమ్మితే పడిపోగలదు."

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు అతను విని చాలా రోజులైంది.

"నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు," అంది నవ్వు ఆగాక. "చూడనీ. అది ఆగితే నాకేం రాదు. బస్తా అయితే కిలో వస్తుంది."

పిన్ని ఇంకో దోసెడు పప్పు చేటలోకి పోసుకుంది.

"ఆఖరి ఏడాది మీ అత్తయ్యకి చూపు పూర్తిగా మందగించింది. మధ్యాహ్నమంతా ఇక్కడ ఏరి ఏరి ఇంటికెళ్ళేసరికి ఏమీ కనపడేది కాదు. ఇక్కడైతే షావుకారు చూడకుండా ఆమె చేట నేను మళ్ళీ ఏరేదాన్ని. ఇంట్లో ఎవరు ఏరతారు? ఒకరోజు కొంగు నిండా పప్పు మరకతో వచ్చింది. ఏమిటే అంటే చెయ్యి జారిందంది."

తలుపు అవతల నిలబడ్డవాడికి తెలుసు, చెయ్యి జారలేదని. రాయి తగిలింది. కంచం విసిరాడు. "కళ్ళున్నాయా, కాకులెత్తుకెళ్ళాయా?" అన్నాడు. ఆమె కింద కూర్చుని, నేల మీద మెతుకులు చేత్తో తడిమి తడిమి ఎత్తింది. తడుముతోందని అప్పుడు అనిపించలేదు. నిదానంగా ఎత్తుతోందని ఇంకో మాట కూడా అన్నాడు.

తలుపు తోస్తే తెరుచుకుంటుంది. గడియ లోపల లేదని బిగించినవాడికి తెలుసు. అతను తోయలేదు. సందులోంచి కన్ను తీసి, చప్పుడు కాకుండా నడిచి వెళ్ళిపోయాడు. ఆ వేళకి దొంగలా నడిచింది అతనొక్కడే.

నెలాఖరుకి ఇంకా ఆరు రోజులున్నాయి. జేబులో ఫోనుంది. నేను చెప్పింది తప్పురా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తప్పు అంటే ఏం తప్పు అంటాడు. అది చెబితే తల్లి సంగతి వస్తుంది, తల్లి సంగతి వస్తే కంచం సంగతి వస్తుంది. రోజూ ఫోను చేతిలోకి తీసుకుని టైము చూసి మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. డిపోకి వెళ్ళలేదు. పుల్ల దించలేదు. మనవరాలు రెండుసార్లు అడిగింది, జ్వరం చూడవా తాతా అని. మధ్యాహ్నం కోడలు మూట పట్టుకుని బయల్దేరే వేళకి గోడ వైపు తిరిగి పడుకుని నిద్ర నటించాడు. కోడలు తలుపు దగ్గరగా వేసి వెళ్ళేది, అతని నిద్ర చెడకుండా.

ఒకటో తారీఖు పొద్దున కొడుకు దిగాడు. సంచీ గుమ్మంలోనే పెట్టాడు. పిల్ల కాళ్ళకి చుట్టుకుంటే ఎత్తుకోలేదు. తొమ్మిది రోజులు క్రేను మీద కూర్చుని మోసిన మాట మొహం మీద ఉంది.

"పిల్లని పక్కింటికి పంపు," అన్నాడు భార్యతో.

పంపింది. వచ్చి నిలబడింది.

"అమ్మ చేట ఎక్కడ?"

కోడలి మొహం తెల్లబోయింది. మేకు వైపు చూసింది. నిన్న చేతిలో బియ్యం బరువుందని చేటని గోదాములోనే వదిలి వచ్చింది.

"మీ అమ్మకి కావాలంటే నన్ను అడగొచ్చుగా. నేను వద్దనేవాణ్ణా? ముసలాయన కళ్ళు గప్పి మొయ్యడమేంటి? ఆయన రోజూ పుల్ల పెట్టుకుని ఏడవాలా?"

ఆమెకి అప్పుడు అర్థమైంది. భర్త వంక చూడలేదు. మామగారి వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అతను తట్టుకునేవాడేమో. మంచం పట్టిన మనిషిని చూసినట్టు చూసింది.

"నాన్న చెప్పింది నిజమేనా?" అన్నాడు కొడుకు.

ఆమె పెదవి కదిలింది. మేస్త్రి గొంతు దానికంటే ముందు లేచింది.

"కొలత... తప్పిందిరా."

"ఎవరి కొలత?"

నాది అనే మాట రెండక్షరాలు. రాలేదు.

"పెద్దవారు కదండీ," అంది కోడలు మెల్లగా. "చూపు ఆనలేదేమో. గాట్లు సన్నగా ఉంటాయి. చేట పిన్నిగారి దగ్గరుంది, తెస్తాను."

ఆ మాటతో అతనికి తలుపు తీసి పట్టుకున్నట్టయింది, బయటపడడానికి. పదకొండేళ్ళు భార్య చేసిన పనే. అతను బయటపడ్డాడు.

"అవును," అన్నాడు. "చూపు ఆనలేదు."

కొడుకు ఊపిరి వదిలాడు. నవ్వేశాడు కూడా. "చంపావు నాన్నా. తొమ్మిది రోజులు నిద్ర లేదు నాకు. పద, ముందు నీకు కళ్ళజోడు మార్పిద్దాం." భార్య వైపు తిరిగి, "అదీ, ఏమనుకోకు," అని తల గోక్కున్నాడు. ఆమె సంచీ తీసి లోపల పెట్టింది. మేస్త్రి మొహం చెవుల దాకా ఎరుపెక్కింది. పరువు నిలిచింది. మనిషి నిలవలేదు.

నెల సరుకులకి తండ్రీకొడుకులు వెళ్ళారు. మేస్త్రే వస్తానన్నాడు. కొట్టు గట్టు ఎక్కడం అదే మొదలు, సరుకు కొనడానికి.

"రండి మేస్త్రి గారూ!" అన్నాడు షావుకారు. "ఎప్పటిలాగేనా? ఎప్పటి డబ్బేనా?"

మేస్త్రి డబ్బు గల్లాపెట్టె మీద పెట్టాడు. షావుకారు తూచి, సంచుల్లో పోసి వరసగా పెట్టాడు. బియ్యం సంచీ సగం కూడా నిలబడలేదు, పక్కకి వాలిపోయింది. పప్పు, నూనె, పంచదార, సబ్బులు. అంతే.

"ఇంతేనా?" అన్నాడు కొడుకు. "నెలకి?"

షావుకారు మేస్త్రి వంక చూసి, తక్కెడ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు వెనక గదిలోకి వెళ్ళి చూసిరా," అన్నాడు మేస్త్రి.

"ఏముందక్కడ?"

"మిగతాది అక్కడుంది. వెళ్ళు."

కొడుకు వెళ్ళాడు. లోపల ఆడవాళ్ళ మాటలు ఆగాయి. పిన్ని గొంతు ఒక్కటే చాలాసేపు వినపడింది. అతను ఎండలో గట్టు అంచున నిలబడి ఉన్నాడు. కూర్చోమని షావుకారు ముక్కాలిపీట జరిపాడు. కూర్చోలేదు.

కొడుకు చేట పట్టుకుని వచ్చాడు. రేకు పట్టీ మీద వేలు పెట్టి మేకుల్ని ఒక్కొక్కటే తడుముతున్నాడు.

"అమ్మ కూడానా?"

మేస్త్రి తల ఊపాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"వారమైంది."

"పొద్దున, అది నీకు చూపు ఆనలేదంటే..." కొడుకు షావుకారు వైపు తిరిగాడు. "అన్నీ మళ్ళీ తూచండి. డబ్బు నేనిస్తాను. డబ్బాలు నిండాలి."

సరుకులు రెండు చేతులా ఎత్తుకుని, చేట చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. ఎప్పుడూ తండ్రి అడుగు చూసి నడిచేవాడు. ఆ రోజు చూడలేదు. మేస్త్రి వట్టి చేతులతో వెనక నడిచాడు.

ఇంటికి రాగానే కొడుకు చేట మేకుకి తగిలించాడు. కోడలు చూసింది. భర్త మొహం చూసింది. డబ్బాలోకి బియ్యం పోస్తుంటే ఆ చప్పుడు చాలాసేపు సాగింది. పిల్ల పుల్ల పట్టుకుని పరిగెత్తుకు వచ్చింది.

"తాతా! అంచుదాకా వచ్చేసింది, చూడు!"

"నువ్వే చూడమ్మా," అన్నాడు. లేవలేదు.

పొద్దెక్కిపోయింది. తెచ్చిన పప్పుని హడావిడిగా పొయ్యి మీద పెట్టి, కోడలు అందరికీ వడ్డించింది. మేస్త్రికి ముందు వడ్డించింది, ఎప్పటిలాగే. కొడుకు కంచంలోకే చూస్తూ తింటున్నాడు.

మూడో ముద్దలో రాయి తగిలింది. పెద్దదే. పన్ను కదిలింది. చప్పుడు తన తలలో మోగింది, బయటికి వినపడిందో లేదో తెలీదు. కోడలి చేతిలో గరిటె ఆగింది.

"ఏమైంది మామయ్యా?"

"ఏం లేదు," అన్నాడు.

రాయిని నాలుక కిందికి తోసుకున్నాడు. నమలడం తగ్గించి, ముద్ద ముద్దా మింగుతూ, కంచంలో మెతుకు మిగలకుండా తిన్నాడు. మంచినీళ్ళు కూడా దాని మీదినుంచే తాగాడు.